బిళ్ళ కట్టని లింఫోమా: గ్రంథుల వెలుపల పుట్టే శోషరస అర్బుదాలు

మెడలోనో, చంకలోనో, గజ్జలోనో బిళ్ళ కట్టి, నొప్పి లేకుండా వారాల తరబడి కరగక నిలిచిపోతే మన ఇళ్ళలో పెద్దలు జాగ్రత్తపడతారు. క్షయ కావచ్చునని, క్యాన్సరు కావచ్చునని శంకించి వైద్యుని వద్దకు తీసుకొని వెళతారు. ఇది మంచి అలవాటే. లింఫోమా అనే శోషరస అర్బుదం ఎక్కువ మందిలో ఈ విధంగానే బయటపడుతుంది కూడా.

అయితే ఈ వ్యాధికి మరొక ముఖం ఉన్నది. హాడ్జికిన్ రకానికి చెందని లింఫోమాలలో సుమారు నాలుగింట ఒక వంతు నుండి మూడింట ఒక వంతు వరకు, గ్రంథులతో సంబంధం లేకుండా జీర్ణాశయంలోను, చర్మంలోను, ముక్కులోను, థైరాయిడ్‌లోను, మెదడులోను, వృషణాలలోను మొదలవుతాయి. అప్పుడు చేతికి తగిలే బిళ్ళ ఏదీ ఉండదు. కడుపులో మంట, మానని మచ్చ, తగ్గని జలుబు వంటి సామాన్య లక్షణాలే కనిపిస్తాయి. ఇటువంటి చిన్న బాధలకు మనం చేసుకొనే గృహవైద్యం తప్పు కాదు. కాని దానికి ఒక గడువు ఉండవలెను. ఆ గడువు ఎంతో, ఎందుకో వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

శోషరసం – దాని కాపలాదారులు

రక్తనాళాల నుండి ఊరి కణజాలాలను తడిపే ద్రవంలో కొంత భాగం ప్రత్యేకమైన సన్నని నాళాల ద్వారా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఆ నాళాలలో ప్రవహించేదే శోషరసం. ఈ నాళాల మార్గంలో అక్కడక్కడ చిక్కుడు గింజల వంటి గ్రంథులు ఉంటాయి. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వీటిలో నివసిస్తూ, శరీరంలోనికి వచ్చిన సూక్ష్మజీవులను గుర్తించి ఎదుర్కొంటాయి. ఈ కణాలలో ఒకటి అదుపు తప్పి, తనవంటి కణాలను లెక్క లేకుండా పుట్టించుటయే లింఫోమా. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ హాడ్జికిన్ 1832లో గ్రంథులు, ప్లీహం వాచిన కొందరు రోగులను గూర్చి వ్రాసిన పత్రంతో ఈ వ్యాధుల ఆధునిక చరిత్ర మొదలైనది.

మరి గ్రంథి లేని చోట లింఫోమా ఎలా పుడుతుంది? ఒక పట్టణంలో పోలీసు ఠాణాలు కొన్నే ఉంటాయి. కాని పోలీసులు ఠాణాలలోనే కూర్చొని ఉండరు. సంతలోను, రైల్వే స్టేషనులోను, సినిమా హాలు ముందు కూడా గస్తీ తిరుగుతారు. లింఫోసైట్లు కూడా అంతే. బయటి ప్రపంచంతో సంబంధం గల ప్రతి అవయవంలోను, అనగా చర్మం, ముక్కు, గొంతు, ప్రేవులలో అవి తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడ వాపు సంవత్సరాల తరబడి రగులుతూ ఉంటుందో, అక్కడికి అవి మరింత పెద్ద సంఖ్యలో చేరతాయి. అన్ని లింఫోమాలకు కాకపోయినా, గ్రంథుల వెలుపల పుట్టే అనేక లింఫోమాలకు మూలం ఇదే: ఆరని వాపు, దాని చుట్టూ చేరిన కాపలాదారులు, వారిలో దారి తప్పిన ఒక్కడు.

ప్రాచీన గ్రంథాల పరిశీలన

మాధవ నిదానంలో గండమాలను వర్ణించినప్పుడు రేగుపండంత, ఉసిరికాయంత గడ్డలు చంకలు, మెడ, గజ్జలలో వరుసగా పుడతాయని చెప్పబడినది. ఇవి సరిగ్గా గ్రంథులు ఉండే స్థానాలే. సుశ్రుత సంహిత నిదానస్థానంలో గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అనే నాలుగింటిని ఒకే అధ్యాయంలో వివరించారు. అందులో అర్బుదం శరీరంలోని ఏ భాగంలోనైనా పుట్టవచ్చునని, అది గుండ్రంగా, కదలక, లోతైన మూలంతో, నెమ్మదిగా పెరుగుతుందని, సాధారణంగా చీము పట్టదని చెప్పారు. సుశ్రుతులు లింఫోమాను గుర్తించారని నేను అనను. సూక్ష్మదర్శిని లేకుండా అది సాధ్యం కాదు. కాని గడ్డ పుట్టిన చోటును బట్టి మాత్రమే వ్యాధిని నిర్ణయించరాదన్న ఆ దృష్టి నేటికీ మనకు పనికివస్తుంది.

జీర్ణాశయం

గ్రంథుల వెలుపలి లింఫోమాలకు అన్నింటికంటె ఎక్కువగా నిలయమయ్యేది జీర్ణాశయం. విచిత్రమేమిటంటే ఆరోగ్యవంతమైన జీర్ణాశయపు గోడలో లింఫోసైట్ల గుంపులు దాదాపు ఉండవు. వాటిని అక్కడికి రప్పించేది హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో దీనిని కనుగొన్నారు; 2005లో వారికి నోబెల్ బహుమతి లభించినది. ఈ సూక్ష్మజీవి మన దేశంలో చాలా సాధారణం. చిన్ననాడే కుటుంబంలో ఒకరి నుండి ఒకరికి, అశుభ్రమైన నీరు, ఆహారం ద్వారా కూడా చేరుతుంది. ఇది ఉన్న వారిలో అత్యధికులకు ఏ క్యాన్సరూ రాదు. కొద్దిమందికి పుండ్లు పడతాయి. అతి కొద్దిమందిలో మాత్రం మాల్ట్ లింఫోమా అనే మందగమనపు అర్బుదం ఏర్పడుతుంది. పీటర్ ఐజాక్సన్, డెన్నిస్ రైట్ అనే వైద్యులు 1983లో దీనిని ప్రత్యేక రకంగా గుర్తించారు.

ఈ విషయంలో 1993లో ఒక అద్భుతమైన ఫలితం వెలువడినది. ఇటువంటి లింఫోమా గల ఆరుగురు రోగులకు క్యాన్సరు మందులు ఇవ్వకుండా, కేవలం ఆ సూక్ష్మజీవిని చంపే యాంటీబయాటిక్ మందులు ఇచ్చారు. ఐదుగురిలో లింఫోమా కనుమరుగైనది. తరువాతి అనుభవం కూడా దీనిని బలపరచినది. తొలిదశలో గుర్తించిన మాల్ట్ లింఫోమాలు సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో ఈ చికిత్సతోనే తగ్గుతాయి. రెండు వారాల మందులతో నయం కాగల క్యాన్సరు ఒకటి ఉన్నదంటే నమ్మడం కష్టమే. అయితే అది తొలిదశలో దొరకవలెను.

ఉద్యోగ విరమణకు చేరువలో ఉన్న ఒక గృహస్థు కడుపులో మంటకు కషాయం అడుగుతూ నా వద్దకు వచ్చారు. అంతకుముందు ఆరు నెలలుగా ఆయన జీలకర్ర నీరు, ఉసిరిక చూర్ణం, దుకాణంలో కొన్న యాసిడ్ మాత్రలు మార్చి మార్చి వాడుతున్నారు. వాడినప్పుడు తగ్గుతుంది, మానితే తిరిగి వస్తుంది. చొక్కా భుజాల వద్ద వదులైనట్లు కనిపించి బరువు గూర్చి అడిగాను. ఏడు కిలోలు తగ్గారట. "చక్కెర మానినందుకే తగ్గాను వైద్యుడుగారూ" అన్నారు. నేను కషాయం ఇవ్వలేదు. ఎండోస్కోపీ చేయించుకొని రమ్మన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఆయన సహధర్మచారిణి పట్టుబట్టి తీసుకొని వెళ్ళారు. తీసిన ముక్కలలో మాల్ట్ లింఫోమాతో పాటు హెలికోబాక్టర్ కూడా కనిపించినది. పధ్నాలుగు రోజులు మందులు వాడారు. గడ్డ పూర్తిగా కరుగుటకు దాదాపు ఏడాది పట్టినది. నేటికీ ఆయన ఏటేటా పరీక్షకు వెళుతున్నారు.

ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మంటను అణచే మందు, అది కషాయమైనా మాత్రయైనా, వ్యాధిని తగ్గించకుండా బాధను మాత్రమే కప్పిపుచ్చవచ్చు. యాభై దాటిన తరువాత క్రొత్తగా మొదలైన అజీర్తిని, బరువు తగ్గుటతోను, నల్లని మలంతోను, రక్తహీనతతోను కలిసి వచ్చిన కడుపు మంటను ఏ వయస్సులోనైనా ఎండోస్కోపీ లేకుండా లాగరాదు.

చిన్నప్రేవులు

గోధుమలలోని గ్లూటెన్ సరిపడని సీలియాక్ వ్యాధి కలవారిలో కొందరికి, పథ్యం పాటించక అనేక సంవత్సరాలు గడచిన తరువాత, చిన్నప్రేవులలో లింఫోమా రావచ్చు. గోధుమలు మాని అన్నం తింటూ ఆరోగ్యంగా ఉన్న రోగి మళ్ళీ విరేచనాలు, కడుపునొప్పితో కృశించిపోతున్నట్లయితే పథ్యలోపమని సరిపెట్టుకొనక పరీక్షలు చేయించవలెను. కొన్ని ప్రేవుల లింఫోమాలు దారికి అడ్డుపడి, హఠాత్తుగా వాంతులతో, కడుపు ఉబ్బరంతో బయటపడతాయి.

చర్మం

పారిస్ వైద్యుడు అలీబెర్ 1806లో వర్ణించిన మైకోసిస్ ఫంగాయిడీస్ అనే వ్యాధి చర్మంలో పుట్టే లింఫోమాలలో ముఖ్యమైనది. పేరులో ఫంగస్ ధ్వనిస్తున్నా దీనికి బూజుతో సంబంధం లేదు. పిరుదులు, తొడలు, నడుము, రొమ్ము వంటి ఎండ తగలని చోట్ల పల్చని, పొలుసులు రాలే మచ్చలు వస్తాయి. దురద ఉండవచ్చు. మన ఇళ్ళలో దీనిని తామర అనుకొని కానుగ నూనె, వేపాకు ముద్ద రాస్తారు. లేదా దుకాణంలో అడిగి ఏదో ఆయింటుమెంటు కొంటారు. ఇది ఏళ్ళ తరబడి మెల్లగా సాగే వ్యాధి. తొలిదశలో ఉన్నవారు తగిన చికిత్సతో చాలామంది సాధారణ ఆయుర్దాయం పొందుతారు. మొదటి ముక్క పరీక్షలో స్పష్టంగా తేలకపోతే కొన్ని నెలల తరువాత మళ్ళీ చేయవలసి రావచ్చు. దీనిని వైద్యుని అసమర్థతగా భావించరాదు. వ్యాధి స్వభావమే అటువంటిది.

థైరాయిడ్, లాలాజల గ్రంథులు, కన్ను

హాషిమోటో వ్యాధి వలన థైరాయిడ్ మందగించి, ప్రతి ఉదయం మాత్ర వేసుకొనే స్త్రీలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. వీరు భయపడనవసరం లేదు. లింఫోమా వచ్చేది వారిలో అతి స్వల్ప సంఖ్యకు మాత్రమే. అయితే అరవై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న స్త్రీకి గొంతు ముందరి వాపు కొద్ది వారాలలోనే పెరిగి, స్వరం బొంగురుపోయి, మ్రింగుట కష్టమైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. అట్లే నోరు, కళ్ళు ఎండిపోయే షోగ్రెన్ వ్యాధి గలవారిలో చెవి ముందరి లాలాజల గ్రంథి ఒకవైపు గట్టిపడి పెరగవచ్చు. కనురెప్ప లోపల గులాబిరంగు కండవంటి పొర ఏర్పడి కలకగా భ్రమింపజేసే మాల్ట్ లింఫోమా కూడా ఉన్నది.

ముక్కు

రెండు ముక్కులు కారుతూ, ఋతువు మారినప్పుడు వచ్చే జలుబు వేరు. ఒకే వైపు మూసుకొనిపోయి, రక్తపు చారలతో దుర్గంధం గల చీమిడి వస్తూ, ముఖం వాచి, అంగిలిలో పుండు పడటం వేరు. తూర్పు ఆసియా, దక్షిణ అమెరికా దేశాలలో ఎక్కువగాను, మన దేశంలో అరుదుగాను కనిపించే ఒక రకం లింఫోమా ఈ విధంగా ముఖమధ్యాన్ని తినివేస్తుంది. ఎప్స్టైన్–బార్ అనే వైరస్‌కు దీనితో సన్నిహిత సంబంధం ఉన్నది. పసుపు ఆవిరి, మిరియాల పాలు మొదటి రకానికి ఉపశమనం ఇస్తాయి. రెండవ రకానికి అవి కాలహరణం మాత్రమే.

దవడ – ఒక వైద్యుని అన్వేషణ

పై వైరస్ కనుగొనబడిన కథ కూడా గ్రంథుల వెలుపలి లింఫోమాతోనే ముడిపడి ఉన్నది. ఉగాండా రాజధాని కంపాలాలో శస్త్రవైద్యునిగా ఉన్న ఐర్లండు దేశీయుడు డెనిస్ బర్కిట్, పిల్లల దవడలు వికృతంగా వాచే ఒక అర్బుదాన్ని గూర్చి 1958లో ప్రచురించారు. 1961లో ఒక పాత మోటారు వాహనంలో తూర్పు, మధ్య ఆఫ్రికా దేశాలలో వేల మైళ్ళు తిరిగి, ఈ వ్యాధి ఎక్కడ ఉన్నదో, ఎక్కడ లేదో పటం గీశారు. అది వేడి, వర్షం అధికంగా ఉండి మలేరియా ప్రబలిన ప్రాంతాలతో సరిపోయినది. ఆయన పంపిన గడ్డల నుండి 1964లో లండన్‌లో ఆంథొనీ ఎప్స్టైన్, బెర్ట్ అచాంగ్, వైవన్ బార్‌లు వైరస్‌ను కనుగొన్నారు. ఈ అర్బుద కణాలు ఒకటి రెండు రోజులలోనే రెట్టింపు కాగలవు. అయినా మందులకు లొంగుతుంది. సకాలంలో చికిత్స పొందిన పిల్లలలో అత్యధికులు కోలుకొంటారు. వేగంగా పెరిగే క్యాన్సరు కుదరదని నిరాశ చెందరాదనుటకు ఇదే ఉదాహరణ.

మెదడు, వృషణం, ఎముక

మెదడులో పుట్టే లింఫోమా వృద్ధులలోను, హెచ్.ఐ.వి. వలనో, అవయవ మార్పిడి తరువాతి మందుల వలనో రోగనిరోధక శక్తి తగ్గినవారిలోను ఎక్కువ. కొద్ది వారాలలోనే మతిమరుపు, ప్రవర్తనలో మార్పు, ఒకవైపు బలహీనత కనిపిస్తాయి. ఇంటివారు వయసు మీద పడిందనుకొంటారు. వయసు వారాలలో మీద పడదు. అరవై దాటిన పురుషులలో వృషణానికి వచ్చే క్యాన్సర్లలో లింఫోమాయే ముఖ్యమైనది. నొప్పి లేని వాపు గనుక వరిబీజమని చెప్పి, సిగ్గుతో దాచుకొంటారు. ఎముకలో పుట్టినప్పుడు రాత్రివేళ కూడా విడవని ఒకేచోటి నొప్పి ఉంటుంది.

స్టిరాయిడ్ మందు మెదడు లింఫోమాను కొద్ది రోజులలోనే కుదించి, ముక్క పరీక్షలో కూడా దొరకకుండా చేస్తుంది. కొన్ని వారాలకు అది తిరిగి లేస్తుంది. చర్మపు మచ్చలను కూడా స్టిరాయిడ్ ఆయింటుమెంట్లు మరుగుపరుస్తాయి. పేరు, చిరునామా లేని పొట్లాలలో అమ్మే కొన్ని పొడులలో స్టిరాయిడ్లు కలిపినట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలు అనేకం. "ఆ పొడి వేసుకోగానే నొప్పులన్నీ మాయం" అనిపించే మందును ముందుగా శంకించవలెను.

గృహవైద్యానికి గడువు

నేను నా వద్దకు వచ్చేవారికి చెప్పే గడువులు ఇవి:

1. బరువు తగ్గకుండా వచ్చే సామాన్యమైన కడుపు మంటకు మూడు వారాలు.
2. పొలుసుల మచ్చకు రెండు నెలలు.
3. ఒకేవైపు ముక్కు దిబ్బడకు మూడు వారాలు. రక్తం కనిపిస్తే గడువు లేదు.
4. మెడ, చంక, గజ్జలలోని బిళ్ళకు నాలుగు వారాలు.
5. థైరాయిడ్ వేగంగా పెరిగినా, వృషణం వాచినా, మనిషి ప్రవర్తన మారినా గడువు లేదు.
6. సాయంత్రపు జ్వరం, పక్కబట్టలు తడిసేంత రాత్రి చెమట, ఆరు నెలలలో శరీర బరువులో 10 శాతం తగ్గుదల – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గడువు లేదు.

ఈ లక్షణాలు కలవారిలో అధికులకు లింఫోమా ఉండదు. క్షయ వంటి ఇతర వ్యాధులు ఉండవచ్చు. అవి కూడా చికిత్స అవసరమైనవే.

ముక్క పరీక్ష – అపోహలు

"ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుంది" అనే భయం చదువుకొన్న ఇళ్ళలో కూడా ఉన్నది. లింఫోమా విషయంలో ఇది నిరాధారం. సూదితో తీసిన కొద్ది కణాలు తరచు చాలవు. తగినంత ముక్క కావలెను. ఎందుకంటే లింఫోమా ఒక్కటే అని తెలిస్తే చాలదు, దాని రకం తెలియవలెను. ముక్కకు ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేసి రకాన్ని నిర్ణయిస్తారు. తరువాత స్కానింగుల ద్వారా వ్యాప్తిని చూస్తారు.

రకాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఒకదానికి యాంటీబయాటిక్ చాలు. మరొకదానికి మితమైన రేడియేషన్. మందగమనపు రకాలలో కొన్నింటికి మందు లేకుండా కనిపెట్టి ఉండుటయే సరి. వేగవంతమైన రకాలకు కీమోథెరపీతో పాటు, 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ వంటి మందులు ఇస్తారు. వీటితో సగానికి మించిన రోగులు పూర్తిగా కోలుకొంటున్నారు. ఖర్చుకు జంకి ఆగిపోవద్దు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల క్రింద అర్హులకు సహాయం లభిస్తుంది.

ఆయుర్వేదం స్థానం, పథ్యం

లింఫోమాను నయం చేయునని నిరూపించబడిన మూలిక ఏదీ లేదు. ఆయుర్వేదాన్ని ప్రేమించేవాడను గనుకనే ఈ మాట స్పష్టంగా వ్రాస్తున్నాను. మన పెరటిలోని బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందు 1963 నుండి లింఫోమా చికిత్సలో ఉన్నది. కాని ఆ ఆకులో అది లేశమాత్రం; దానితో పాటు ఇతర విషపదార్థాలు కూడా ఉంటాయి. ఆకు నమిలితే చికిత్స కాదు, ప్రమాదం. కీమోథెరపీ జరుగుతున్నప్పుడు భస్మాలు, రసౌషధాలు, పసుపు మాత్రలు, శక్తి లేహ్యాలు వైద్యునికి చెప్పకుండా వాడరాదు. కూరలో వేసుకొనే పసుపుకు అభ్యంతరం లేదు.

మనం నిజంగా చేయగలిగినది ఆహారంలో ఉన్నది. అరుచిగా ఉన్నప్పుడు పలుచని గంజి, పెసరకట్టు, మెత్తని అన్నం, బాగా ఉడికిన కూరలు కొద్దికొద్దిగా పెట్టవలెను. నోరు పూసినప్పుడు గోరువెచ్చని ఉప్పునీటితో రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించవలెను. కారం, పులుపు తగ్గించవలెను. తెల్ల కణాలు పడిపోయిన రోజులలో కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన ఆహారం మాత్రమే ఇవ్వవలెను. పచ్చి ఆకుల రసాలు, రోడ్డు ప్రక్కన కోసిన పండ్లు వద్దు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే కషాయం కాచరాదు. రాత్రియైనా ఆసుపత్రికి వెళ్ళవలెను.

మీ వంటింటి పోపుల పెట్టెలో మందులున్న మాట నిజం. వాటిని వాడేటప్పుడు గోడమీది క్యాలెండరులో మొదలుపెట్టిన తేదీ గుర్తు పెట్టుకొనండి. గడువు దాటినా బాధ తగ్గకపోతే మందు మార్చవద్దు, వైద్యుని వద్దకు వెళ్ళండి.